ఐదో దండు

మా మామ గద్వాల సంస్థానంలో సిపాయిగా చేసి ఇంటికి తిరిగొచ్చిన మనిషి. యుద్ధమంటూ ఒక్కటీ చూడలేదు. జర్మనీ యుద్ధం రోజుల్లో ఎవరో పత్రిక చదువుతుంటే ‘పంచమాంగ దళం’ అన్న మాట ఆయన చెవిన పడింది. ఇక ఇంటికొచ్చిన వాళ్లెవరినీ దాని పుట్టుక చెప్పకుండా పంపేవారు కాదు.

విత్తనానికి దాచిన పల్లికాయల సంచి ఆయన మంచం పక్కనే ఉండేది. అందులోంచి నాలుగు కాయలు తీసి నాలుగు దిక్కులా పెట్టేవారు.

"స్పెయిన్ అనే దేశంల ఒక సేనాపతి నాలుగు దండులతోని పట్నం మీదికి వచ్చిండు. ఐదో దండు పట్నంలనే ఉన్నదన్నడు. గది మనోళ్ల లెక్కనే తిరుగుతది. లోపలి నుంచి తలుపు తీస్తది."

ఐదో కాయను నడుమ పెట్టేవారు. కథ అయిపోగానే అన్నింటినీ ఒలుచుకుని తినేవారు.

తొలకరి పడింది. విత్తనం తీయబోతే సంచి సగానికి దిగి ఉంది. మామ నా వంక చూశారు. నేను కొత్త కోడల్ని.

"బయటి నుంచి వచ్చింది నువ్వొక్కదానివే గదా బిడ్డా!"

నాకు ఏడుపొచ్చింది. అత్త చీపురు తెచ్చి, ఆయన ఎవరినీ ఊడ్వనివ్వని మంచం కింద ఊడ్చింది. పల్లికాయ పొట్టు కుప్పగా వచ్చింది.

మామ దాన్ని చూశారు. లేచి, ఆ కుప్పకు సెల్యూట్ కొట్టి, వాకిట్లోకి పోయి వానలో నిలబడ్డారు.

"తడుస్తున్నరు మామా, లోపలికి రాండ్రి," అని బతిమాలాను.

"తలుపేసుకో బిడ్డా," అన్నారు. "దొరికిన ఐదో దండును మళ్ల లోపలికి పిలుస్తరా ఎవరన్న?"