నత్తకు సున్నం పెట్టిన మనిషి

ఫిల్టర్ హౌసులో ఆమెను అందరూ సున్నమక్క అంటారు. పద్నాలుగేళ్లుగా తాగునీటి ట్యాంకులు కడిగే పని. తను దిగిన ట్యాంకులో పాచి అన్న మాట వినపడకూడదని ఆమె పంతం. వినపడలేదు కూడా, ఆ నత్త వచ్చేదాకా.

ఎవరింట్లోనో కుళాయి తిప్పితే ధారతో పాటు గోరంత నత్తపిల్ల గిన్నెలో పడింది. మర్నాడు ఇంకో వీధిలో రెండు. కొత్త ఇంజినీరు పరుగున వచ్చి, నది నీళ్లు తేరుకునే ట్యాంకులోకి తొంగి చూశాడు. గోడల నిండా నత్తలు, వాటి పక్కనే జిగురు ముద్దల్లో గుడ్లు.

"ఏం కడుగుతున్నావమ్మా నువ్వు? రెండు నెలలు చూస్తా. ఇవి పోకపోతే నిన్ను తోటపనికి పంపించి, ట్యాంకులకి వేరే మనిషిని పెట్టుకుంటా."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ కసి నత్తల మీద తీర్చుకుంది. ట్యాంకు ఖాళీ చేయించి, గోడలు గీకి, చిక్కటి సున్నం పట్టించింది. ఆ ఘాటుకు ఉన్నవన్నీ చచ్చాయి. కానీ ఘాటు తగ్గేసరికి నది నీళ్లతో కొత్తవి నాలుగు రానే వచ్చాయి. మూడో వారానికి చూస్తే గుడ్లు మునుపటికి రెట్టింపు.

ఆ సాయంత్రం గుప్పెడు గుల్లలు ఇంటికి తెచ్చి అత్త ముందు పోసింది. అత్త వయసులో ఉన్నప్పుడు నత్తగుల్లలు కాల్చి సున్నం చేసే బట్టీలో పనిచేసింది. ఒక గుల్ల తీసి బొటనవేలితో నొక్కింది. విరగలేదు.

"ఒసే, గట్టి సరుకే! ఎక్కడిదే?"

"మా ట్యాంకులోది. నదిలోంచే వస్తాయి."

"పోవే. నది గుల్ల నొక్కితే ఎండుటాకులా పొడైపోతుంది. మేము దాన్ని ముట్టేవాళ్లమే కాదు. సున్నపురాయి గుట్ట కింద చెరువుకి పోయేవాళ్లం. అక్కడ గుల్లా మందమే, గుడ్లూ కుప్పలే."

"సున్నం పూసి చంపినా మళ్లీ పుడుతున్నాయత్తా, దరిద్రాలు."

అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "నత్తకి సున్నం పెట్టావా! గుల్లంటేనే సున్నం కదే. పస్తు పెట్టమంటే పాలు పోసినట్టుంది నీ తెలివి!"

సున్నమక్కకు రోషం వచ్చింది. అంతలోనే ఒక సంగతి గుర్తొచ్చింది. నది నీళ్లలో సత్తువ లేదు, ఇనప పైపుల్ని తినేస్తున్నాయని, వచ్చే నీళ్లలోనే సున్నం రెట్టింపు కలపమన్నాడు ఇంజినీరు. అది ఆరు నెలల కిందట. నత్తలు ఎగబడిందీ అప్పటినుంచే.

ఉత్త మాట చెబితే ఆయన వినే రకం కాదు. నీళ్లు పరీక్షించే కెమిస్టును బతిమాలి రెండు గాజు జాడీలు తెచ్చింది. ఒకదాంట్లో ఉత్త నది నీళ్లు, ఇంకోదాంట్లో సున్నం కలిపాక తేరిన నీళ్లు. రెంటికీ పదేసి నత్తలు, ఒకే రకం ఆకు. రోజూ నీళ్లు మార్చింది. పదహారో రోజున భూతద్దం పెట్టి చూసింది. నది జాడీలో గుడ్ల ముద్దలు మూడు. సున్నం జాడీలో ఇరవై రెండు.

జాడీలు రెండూ తీసుకెళ్లి ఇంజినీరు బల్ల మీద పెట్టింది.

"అయితే తప్పంతా సున్నానిదంటావు?"

"దానికేం తెలుసు సార్, పోసిన చోటికి పోతుంది. నీళ్లలో రెట్టింపు కలపమంది మీరు. గోడలకి పూసింది నేను. సగం మీది, సగం నాది."

పక్కనున్న కెమిస్టుకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

"సున్నం మానేస్తే పైపులు తుప్పు పట్టిపోవూ?"

"మానమని ఎవరన్నారు? పటిక మురికిని దించడానికి ఎంత సున్నం తోడు కావాలో ఆ పిసరే ముందు వెయ్యండి. మిగతాది ఫిల్టరు దాటాక కలపండి. పైపుల వాటా పైపులకి పోతుంది, నత్తలకి పస్తు."

ఇంజినీరు జాడీల్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇదంతా ఎవరు చెప్పారు నీకు?"

"మా అత్త. చదువుకోలేదు సార్, గుల్ల కాల్చింది."

సున్నం పోసే చోటు ఆ వారమే మారింది. ఆమె ట్యాంకు గోడల మీది పాత సున్నమంతా గీకి పారేసింది.

గడువు రోజున ట్యాంకు ఖాళీ చేశారు. ఇంజినీరు ప్యాంటు మడుచుకుని తనే నిచ్చెన దిగాడు. గోడ వెంట అంగుళం అంగుళం వెతికాడు. ఒక మూల ఐదారు నత్తలున్నాయి. కొసలు తినేసినట్టు పాలిపోయిన గుల్లలు. గుడ్లు మాత్రం ఒక్క ముద్ద లేదు.

"ఇవింకా ఉన్నాయే?"

"నదిలోంచి దారి తప్పి వస్తాయి సార్, ఉంటాయి. కాపురం మాత్రం పెట్టవు."

ఆయన తోట మాట ఎత్తలేదు. చేతులు దులుపుకుంటూ, కొంచెం మొహమాటంగానే అడిగాడు: "అవతలి ఫిల్టర్ హౌసులోనూ ఇదే గోలట. రేపొచ్చి చూసి చెబుతావా?"

"ఎల్లుండి వస్తా సార్," అంది సున్నమక్క, బ్రష్షు చేతిలోకి తీసుకుంటూ. "రేపు నా ట్యాంకు కడుక్కోవాలి."