ఐదో అంతస్తు బీరపాదు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఆ ఏటి వానాకాలం మొదట్లో, గోపన్‌పల్లిలోని మా విత్తన కంపెనీ పరిశోధన క్షేత్రాన్ని నాకు అప్పగించారు. అప్పటికి నేను ప్రిన్సిపల్ బ్రీడర్‌ని. కూరగాయల ప్రజననంలో ఆ హోదా దాటితే ఇక కుర్చీ పనే కాబట్టి, పైకి పోవాలని నేనెప్పుడూ ఆరాటపడలేదు. నేను రూపొందించిన పొడుగు బీర రకానికి మూల విత్తనం, అంటే రైతుకిచ్చే విత్తనానికి తల్లి విత్తనం, ఆ సీజన్‌లో అక్కడే తీయాలి.

బీరలో పుప్పొడిని మోసేది తేనెటీగలు. అందుకని చుట్టూ దాదాపు కిలోమీటరు మేర వేరే బీర రకం పూయకూడదు. దీన్ని వేర్పాటు దూరం అంటాం. అది తప్పితే ధ్రువీకరణ అధికారి మడి మొత్తాన్నీ తిరస్కరిస్తాడు. క్షేత్రం పెట్టినప్పుడు చుట్టూ బండలే. ఇప్పుడు గోడ అవతలే అపార్ట్‌మెంట్లు.

పూత మొదలవకముందే ఫీల్డ్ అసిస్టెంట్ యాదగిరి వచ్చి, "మేడమ్, గా బిల్డింగుల ఐదో అంతస్తు మీద బీర తీగ పారింది. పోయి పీకిపిస్తే ఇగ ఫికర్ ఉండదు" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

ఆ ఫ్లాటు సరళగారిది. కాకినాడ వైపు మనిషి, ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తారు. కాఫీ ఇచ్చి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. "ఇది మా అమ్మ ఏటేటా కట్టిన విత్తనమండీ. అమ్మ లేదు, ఈ పొట్టిబీర ఇంకెక్కడా లేదు. మీ విత్తనం నిలవాలంటే నాది పోవాలా?" అని అడిగారు.

నాకు కోపం రాలేదు, ఆవిడ మీద ఇష్టం కలిగింది. విత్తనం కోసం అలా పట్టుబట్టేవాళ్లు నా వృత్తిలోనే తక్కువ.

"పీకొద్దండీ. మగపూలు పూయనివ్వకండి, చాలు" అన్నాను.

మరి కాయలెలా కాస్తాయని ఆవిడ అనుమానం. బీరలో ఆడపూలు, మగపూలు వేరు. ఆడపూవు కింద పిందె ఉంటుంది, పుప్పొడి ఉండే మగవి గుత్తులుగా వస్తాయి. మా మడిలోని పుప్పొడిని తేనెటీగలే ఆవిడ ఆడపూలకు చేరుస్తాయి. కాయా రుచీ వాళ్లమ్మ బీరవే, లోపలి గింజలో మాత్రం మా రకం కలుస్తుంది. విత్తనానికని కొన్ని ఆడ, మగ మొగ్గలకు తేనెటీగ చొరకుండా నేనే బటర్ పేపర్ సంచులు తొడిగాను. అవి విచ్చిన సాయంత్రాల్లో ఆ పాదు పుప్పొడినే ఆ పాదు ఆడపూలకు అద్ది, మళ్లీ మూసేశాను.

రోజూ ఆఫీసుకు బయల్దేరేముందు సరళగారు మిగతా మగమొగ్గల గుత్తులు తుంచేవారు. తప్పులు పట్టడమే ఆవిడ ఉద్యోగం, అంత శ్రద్ధ మా సిబ్బందిలోనూ నేను చూడలేదు. తనిఖీకి వచ్చిన అధికారికి పాదు సంగతి నేనే చెప్పి బాల్కనీకి తీసుకెళ్లాను. ఆయన ఆకు ఆకూ తిప్పి చూశారు. సంచి బయట మగపూవు ఒక్కటీ దొరకలేదు. అయినా విత్తనం వేసి చూశాకే ఆమోదిస్తానని రాశారు.

తర్వాతి సీజన్‌లో ఆ విత్తనం వేశాం. దీన్ని గ్రో అవుట్ పరీక్ష అంటారు. కల్తీ జరిగి ఉంటే కాయల పొడవులోనే బయటపడుతుంది. వరస వరసా నేనే నడిచాను. అన్నీ నా పొడుగుకాయలే. చివరి సాలులో సరళగారి సంచుల గింజలు వేయించాను. అన్నీ వాళ్లమ్మ పొట్టికాయలే. ఆ రోజు కలిగిన గర్వం నాకిప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు ఆ క్షేత్రంలోనూ అపార్ట్‌మెంట్లే. కొండాపూర్ మార్కెట్లో నా బీర అమ్ముతున్నారు, సరళగారి బాల్కనీలో వాళ్లమ్మ బీర కాస్తోంది. నియమావళిలో వేర్పాటు దూరం మీటర్లలో ఉంటుంది. ఆ మీటర్లు దొరకని చోట మన రకాన్ని కాపాడేది పొరుగువాళ్లే. వాళ్లను సాయం అడిగేముందు వాళ్ల విత్తనానికి సంచి తొడగాలి.