యసునోరి ఎడమచెయ్యి

నా భర్త యసునోరి పోయి ఏడాది కావస్తోంది. గున్మ కొండల కింద మా ఊళ్ళో ఆయనది చిన్న సెలూన్. ఎడమచేత దువ్వెన, కుడిచేత కత్తెర. నిమ్మళమైన మనిషి. సూప్ మరీ వేడిగా ఉందన్న మాట కూడా గట్టిగా అనేవారు కాదు. అలాంటి ఆయన అరవైకి దగ్గరపడుతున్న వయసులో మోటారుసైకిలు కొన్నారు.

మా తరం మగపిల్లలకు అది లోపల ఉండిపోయిన కోరిక. లైసెన్సు తీసుకోకూడదు, బండి కొనకూడదు, ఎక్కకూడదు అని హైస్కూల్లో మూడు నిషేధాలుండేవి. ఈయన దొంగచాటుగా తెచ్చుకున్న లైసెన్సును హెడ్మాస్టరు లాక్కున్నారట. ఈ కొత్త బండి రూపం సరిగ్గా ఆనాటి పందెపు బండ్లదే. గుండ్రటి దీపం, దాని పైన గాలిని అడ్డే చిన్న తొడుగు, కిందికి దించిన హ్యాండిలు, ముదురాకుపచ్చ ట్యాంకు, సీటు చివర మూపురం. లోపలి యంత్రం మాత్రం ఈ కాలానిది. వెనక నాకు చోటు కావాలని ఆ మూపురం తీయించి మామూలు సీటు వేయించారు.

"ఒరేయ్ యసూ, దీన్ని వంగి నడపాలటగా! ఆ నడుముతో వంగితే మళ్ళీ లేస్తావా?" అన్నాడు తోఫు కొట్టు నిషిదా, గడ్డం గీయించుకుంటూ.

"లేవకపోతే అలాగే వచ్చి నీ గడ్డం గీస్తాలే. కుర్చీలో పడుకుంటే నీ గడ్డం ఆ ఎత్తులోనే కదరా ఉండేది!"

నాకు ఆ బండంటే భయం. అయినా ప్రతిసారీ వెనక ఎక్కేదాన్ని. ఇంట్లో కూర్చుని ఫోను మోగుతుందేమోనని వణకడం కంటే, ఆయన నడుం పట్టుకుని వణకడం నయమనిపించేది.

కనుమ దారిలో ఎదురుపడిన బండివాళ్ళు ఒకరికొకరు ఎడమచెయ్యి ఎత్తి పలకరించుకుంటారు. పేరు తెలియదు, ముఖం కనపడదు, అయినా ఎత్తుతారు. యసునోరి ఎవరినీ వదిలేవారు కాదు. ఉత్తరాలు పంచే పోస్టుమన్ బుల్లి బండికీ ఎత్తేవారు. "అతను నవ్వుకుంటాడండీ," అంటే, "నవ్వుకోనీ, మంచిదేగా," అనేవారు.

బండి కొన్న ఏడాది శరదృతువులో ఒక ఆదివారం కనుమ పైన టీ కొట్లో సోయా ముద్ద మిసో పూసి పుల్లలకు గుచ్చిన కొన్‌న్యాకు దుంప ముక్కలు తిని, మధ్యాహ్నం దిగుతున్నాం. కింద లోయలోంచి పొగమంచు పైకి పాకుతోంది. సొరంగం ముందు రెండు ఎర్ర బండ్లు ఎదురొస్తే చెయ్యెత్తారు. సొరంగం దాటాక ఇంకో గుంపు వచ్చింది. ఆయన ఎత్తలేదు. మలుపు కదా, అనుకున్నాను. తరవాత చిన్న బండి మీద ఒంటరిగా ఒక అమ్మాయి వచ్చింది. చెయ్యి బారుగా చాపి ఊపింది. అప్పుడూ ఎత్తలేదు.

మా హెల్మెట్లలో మాట్లాడుకునే మైకులుండేవి.

"ఏమండీ, ఆ పిల్ల చెయ్యెత్తింది."

"చూశాను."

"మరి?"

"చెయ్యి రావట్లేదు, చిజురూ," అన్నారు.

"తిమ్మిరెక్కిందా?"

"కాదు. అదెక్కడుందో తెలీట్లేదు."

తొంగి చూశాను. ఎడమచెయ్యి హ్యాండిలు మీదే ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరచిపోయినట్టు.

"ఆపండి! ఇప్పుడే ఆపేయండి!"

"ఇక్కడొద్దు. మంచులో... వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. కింద గొలుసుల జాగా ఉంది." చలికాలంలో లారీలు చక్రాలకు గొలుసులు కట్టుకునే వెడల్పాటి చోటు అది. ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది. నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

ముందు ఎడమవైపు మలుపు. ఎడమ హ్యాండిలు నెడితేనే బండి అటు వాలుతుంది. వాలలేదు. మధ్య గీత వైపు జరిగిపోతోంది. మంచులోంచి లారీ హారన్ మోగింది. నేను ఆయన వీపు మీద పడిపోయి, చెయ్యి చాపి ఆయన చేతి మీద నా చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి నెట్టాను. మలుపుల్లో భయంతో ఎప్పుడూ కర్రలా బిగుసుకుని కూర్చునేదాన్ని, ఆ పూట బండితో పాటు వాలాను. దుంగల లారీ మా కుడి పక్కనుంచి గాలి కొట్టి పోయింది.

"ఇంకొక్క మలుపు," అన్నారు ఆయన. "నేను బ్రేకు పడతాను. నువ్వు నెట్టు. భయపడకు."

"భయపడకపోతే చస్తాం, నోరు మూసుకుని నడపండి!"

ఆయనతో అంత గట్టిగా నేనెన్నడూ మాట్లాడలేదు. మైకులో చిన్న నవ్వు వినిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ నవ్వు సగమే వచ్చింది.

గొలుసుల జాగాలో బండి కుదుపుతో ఆగిపోయింది. ఆయన ఎడమకాలు నేలకు ఆననేలేదు. ముగ్గురం, ఆయనా నేనూ బండీ, మెల్లగా ఎడమవైపు ఒరిగి పడ్డాం. ఆయన కాలు కింద చిక్కుకుంది. ఎత్తబోయాను, కదల్లేదు. అరిచాను. మంచు నా అరుపుని కూడా మింగేసింది.

కూరగాయల వ్యాను నడిపే ఒక ముసలాయన కనిపెట్టి ఆగాడు. "తల్లీ, ఆ పక్క పట్టు, నేను లేపుతా," అని బండి లేపి, అంబులెన్సుకు ఫోను చేశాడు. "ఈయన్ని మాట్లాడిస్తూ ఉండమ్మా, కళ్ళు మూయనివ్వకు."

ఏం మాట్లాడాలో తోచలేదు. "శనివారం ఎవరెవరు వస్తామన్నారు షాపుకి?" అని అడిగాను. ఆయన ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చెప్పారు. నిషిదా పేరు దగ్గర ఆగిపోయారు. నేను ఆయన చెంప మీద కొట్టాను.

అంబులెన్సు కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, ఎప్పుడు మొదలైందని. పక్షవాతానికి నెత్తుటి గడ్డ కరిగించే మందు ఇవ్వొచ్చా లేదా అన్నది దాని మీదే ఉందట. "సొరంగానికి ముందు చెయ్యెత్తారు. సొరంగం దాటాక ఎత్తలేదు," అన్నాను. అతను వింతగా చూసి, తరవాత తలూపాడు. తనకూ బండి ఉందేమో.

మందు ఇచ్చారు. అప్పటికి ప్రాణం దక్కింది. మాటా, కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. చెయ్యి రాలేదు.

దువ్వెన పట్టే చెయ్యి లేనిదే ఆ పని లేదు. మరుసటి వసంతంలో నిషిదా వచ్చి, ఎవరూ పిలవకుండానే కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎడమ పక్కన నిలబడి దువ్వెనతో జుట్టు ఎత్తి పట్టుకున్నాను. యసునోరి కత్తెర తీశారు.

"వదినా, చెవి జాగ్రత్త," అన్నాడు నిషిదా కళ్ళు గట్టిగా మూసుకుని.

"ఎత్తు ఇంకొంచెం," అన్నారు ఆయన నాతో. నా చెయ్యి వణుకుతోంది. ఆయన ఆగి, వణుకు తగ్గేదాకా చూసి, కత్తిరించారు.