ప్లగ్గు నాలుక చూసే మేస్త్రీ

ఇందుమూలముగా పీణ్య పారిశ్రామికవాడలోని సమస్త పికప్ బండ్ల ఓనర్లకు, డ్రైవర్లకు, ఆగిపోయిన బండిని వెనక నుంచి తోసేవాళ్లకు తెలియజేయడమేమనగా: ఇకమీదట మీ బండి ప్లగ్గులు ఎప్పుడు మార్చాలో మీరే తేల్చుకోవలెను. తేల్చి చెప్పే మేస్త్రీ పోయిన మంగళవారం పొద్దున, టీ గ్లాసు సగంలో ఉండగా, కూర్చున్న స్టూలు మీదే పోయాడు.

మా రోడ్డు చివర రేకుల షెడ్డు ఆయనది. మదనపల్లె వైపు నుంచి కుర్రాడిగా వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, మళ్లీ తెలుగులో ముగించేవాడు. నేను ఫ్యాక్టరీల సామాను హొసకోటెకు, జిగణికి మోసే పికప్ నడుపుతాను. చాలా ఏళ్లు డీజిల్ బండి నడిపి, తర్వాత గ్యాసు బండి కొన్నాను. కొన్న కొన్నాళ్లకే అది పొద్దున లేవనని మొరాయించడం, ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గడం మొదలుపెట్టింది. షెడ్డుకు తీసుకుపోయాను.

"గ్యాసు సరిగ్గా రావడం లేదు మేస్త్రీ. పైపు చూడు."

"ప్లగ్గులు ఎప్పుడు మార్చినావు?"

"పికప్‌కు ప్లగ్గులేంది? అవి స్కూటర్‌కు కదా."

చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆగింది.

"డీజిల్ బండికి ఉండవప్పా. ఇది గ్యాసు తాగేది. మీ ఇంట్లో పొయ్యికి లైటర్ ఉండాదా?"

"ఉంది."

"అది అరిగిపోతే మీ ఇంటామె ఏం చేస్తాది?"

"నన్ను తిడుతుంది."

"బండికి తిట్టేది రాదు. అందుకే దగ్గతా ఉండాది."

ఇంజన్ చల్లారేదాకా ఆయన స్పానర్ ముట్టేవాడు కాదు. వేడి మీద విప్పితే మరలు చెడతాయని. కొత్తది బిగించేటప్పుడు కూడా మొదట వేళ్లతోనే తిప్పేవాడు. విప్పిన ప్లగ్గును వెలుగుకు పట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. బిస్కెట్ రంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లటి మసి పట్టి ఉంటే లోపల సరిగ్గా కాలనట్టు, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి దిగుతున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ఇంజన్ మితిమీరి కాగుతున్నట్టు. మొన అరిగి గుండ్రంగా అయిపోతే ఇక మార్చాల్సిందే. మొనల మధ్య సందు పెరిగితే నిప్పురవ్వ దూకలేదు, దూకకపోతే కాలని గ్యాసు సైలెన్సర్ దాకా పోయి దాన్నీ పాడుచేస్తుంది.

"ప్లగ్గంటే బండికి నాలుకప్పా. డాక్టరు నాలుక చాపమనేది అందం చూసేదానికా?" అనేవాడు. నా వంక చూసి, "నీ నాలుకనైతే మార్చేదానికి కుదరదు. ప్లగ్గులన్నా మార్చుకో" అనేవాడు. కంపెనీ పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లని రాసి ఉంటే, గ్యాసు బండికి అంతదాకా ఆగకుండా ముందే విప్పి చూడాలనేవాడు. గ్యాసు అంటుకోవడానికి గట్టి రవ్వ కావాలి, అందుకే మొనలు త్వరగా అరుగుతాయి. నాలుగూ ఒకేసారి మార్చమనేవాడు. "ఒకటి కొత్తది, మూడు పాతవంటే, పాడె మోసే నలుగురిలో ఒకడే పొడుగోడు ఉన్నట్టు."

ఇంత కన్ను ఉన్న మనిషిని ఒకసారైనా బోల్తా కొట్టించాలని నాకు దురద పుట్టింది. ఆ రోజు ఆయన నా బండి ప్లగ్గులు విప్పి, నేను తెచ్చిన కొత్తవి బల్ల మీద పెట్టి టీకి పోయాడు. నేను ఆ పాతవాటినే గరుకు ఉప్పుకాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి, కొత్త డబ్బాల్లో పెట్టాను. అసలు కొత్తవి నా డాష్‌బోర్డు అరలోకి పోయాయి. పాతవి వేసిన ట్రే ఖాళీగా కనబడకుండా అందులో ఎవరివో పాడైన ప్లగ్గులు నాలుగు పడేశాను. మేస్త్రీ వచ్చాడు. నేను ఏదో వాగుతూ ఒక్కొక్క డబ్బా విప్పి అందించాను. ఆయన బిగించాడు. ఆ నమ్మకం నా మీద కాదు, డబ్బా మీద.

సాయంత్రం నలుగురూ చేరాక చెప్పి నవ్విద్దామనుకున్నాను. ఈలోగా లోడు వచ్చింది. మర్నాడు హొసకోటె దారిలో బండి మళ్లీ దగ్గింది. తిరిగి వచ్చేసరికి షెడ్డులో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు. మేస్త్రీ ఒక ప్లగ్గు విప్పి చాలాసేపు చూశాడు.

"ఇవి పాతవే. కొత్తవేవో పాతవేవో తెలీక నేనే బిగించినట్టుండాను."

"మేస్త్రీకి చత్వారం వచ్చినట్టుండాదే" అన్నాడు ఒక డ్రైవరు.

"చత్వారం కాదప్పా. కన్నే పోయింది" అన్నాడాయన. నవ్వలేదు. తన అరలోంచి నాలుగు కొత్తవి తీసి బిగించాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఊరందరి మీదా లేచే నా నాలుక ఆ పూట లేవలేదు.

ఆ వారమే ఆయన ఒక భూతద్దం కొని దారంతో మెడకు కట్టుకున్నాడు. దాంతో చూసి కూడా నమ్మకం కుదిరేది కాదు. పక్కన ఎవరుంటే వాళ్లకు చూపించేవాడు. ఒకసారి నాకే చూపించి అడిగాడు: "నువ్వు చెప్పప్పా, ఇది తెల్లగా ఉండాదా, బిస్కెట్ రంగా?"

బిస్కెట్ రంగే. అలాగే చెప్పాను.

రెండు నెలల కిందట ఇక ఉండబట్టక, దాచిన ప్లగ్గులు నాలుగూ ఆయన చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పేశాను. ఆయన మెడలోంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "అంటే నా కన్ను బాగానే ఉండాది. అరిగింది నీ బుద్ధి" అని పగలబడి నవ్వాడు.

బుధవారం ఆయన పాడె మోసిన నలుగురిలో నేనే పొడుగు. మిగతా ముగ్గురికి సమానంగా ఉండాలని దారంతా నడుం వంచి నడిచాను. ఇంకా నొప్పిగానే ఉంది.

పైన రాసినదంతా నిజమే, ఒక్కటి తప్ప. నేను ఆయనకు చెప్పలేదు. ఆ నవ్వు, ఆ మాట నేనే కల్పించాను. చెప్పి ఉంటే అలాగే అనేవాడని నా ఊహ. భూతద్దం ఆయన మెడలోనే ఉండిపోయింది, చివరి రోజు దాకా. ప్లగ్గులు నా డాష్‌బోర్డు అరలోనే ఉన్నాయి, డబ్బాలు కూడా లేకుండా. రోడ్డు మీద హంప్ వచ్చినప్పుడల్లా నాలుగూ ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతాయి.