అక్క వేసిన అస్తరు

మా అక్క దయమ్మకు ముక్కు మీదే కోపం అంటారు బీదర్‌లో మా వీధివాళ్ళు. ఉండదా మరి? పాతికేళ్ళుగా ఇంటింటికీ బొంతలు కుట్టిపెడుతోంది. అయినా సూది పట్టడం రానివాళ్ళు కూడా ఆమెకే పాఠాలు చెప్పబోతారు.

బొంత మీద కనిపించే రంగురంగుల ముక్కలంటే అందరికీ మోజు. అక్క మాత్రం ముందు అస్తరు చూస్తుంది. అస్తరంటే అడుగు బట్ట, ఒంటికి తగిలేది. “ముక్కలు చూసెటోళ్ళకు, అస్తరు కప్పుకునెటోళ్ళకు” అంటుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీరే కావాలి ఆమెకు. చెంపకు రుద్దుకుని చూస్తుంది. గరుగ్గా తగిలితే పక్కన పడేస్తుంది, తెచ్చింది ఎంత పెద్దింటి ఆవిడైనా సరే.

మొన్న ఆమె కూతురు జాయ్‌కి కొడుకు పుట్టాడు. మా ఇళ్ళలో పిల్లవాడి మొదటి బొంత అమ్మమ్మే కుట్టాలి. అక్క నేల మీద ఒక తెల్ల చీర మడతలు వేసి పరిచి, మూలల్లో బరువులు పెట్టి, జాయ్ చిన్నప్పటి గౌన్ల ముక్కలు పేరుస్తోంది. నేను సూదులకు దారం ఎక్కిస్తున్నాను. అప్పుడే జాయ్ అత్తగారు హేబ్సిబా బసవకళ్యాణ్ నుంచి వచ్చింది. మనవణ్ణి ఎత్తుకుని ముద్దాడింది. తర్వాత చీర చూసింది.

“వదినా, మొగుడు పోయినంక కట్టిన చీరె పసిపిల్లగాని కింద ఏస్తరా? మంచిగుండదు” అని సంచిలోంచి కొత్త బట్ట తీసింది. నైలానో ఏమో, నిగనిగలాడుతోంది. దాని నిండా ఏనుగు బొమ్మలు.

అక్క కూతురి వైపు చూసింది. జాయ్ తల దించుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీ ఈవిడదే. శకునాలూ ముహూర్తాలూ మనకు లేవని స్త్రీల కూటంలో గంటసేపు చెబుతుంది. విధవరాలి చీర దగ్గరికొచ్చేసరికి ఆ మాటలన్నీ ఎటు పోయాయి? పైగా అది మా అక్క పెళ్ళి చీర! జనవాడ చర్చిలో ఏసప్ప బావ పక్కన ఆ చీరతోనే నిలబడింది. మాలో పెళ్ళికూతురు కట్టేది తెలుపే కదా. హేబ్సిబా తన పెళ్ళికి కట్టింది మాత్రం ఇంకేం రంగు? తెలుపు చూడగానే చావే గుర్తొచ్చిందా ఈ మహాతల్లికి?

చెబుదామని నోరు తెరిచాను. అక్క నా మోకాలి మీద గట్టిగా గిల్లింది.

హేబ్సిబా కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే అడిగాను. “ఎందుకు చెప్పనియ్యవే అక్కా? పెండ్లి చీరె అంటే నోరు మూసుకుంటుండె గద.”

“గందుకే చెప్పనియ్యలే” అంది. “పెండ్లి చీరైతే పనికొస్తది, ఆయన పోయినంక కట్టింది పనికిరాదా? నేనేం తప్పు చేసి బతికిన్నా?”

నాకు ఏడుపొచ్చింది. అక్క ఏడవలేదు. బరువులు తీసింది, ముక్కలు పక్కకు నెట్టింది, పెళ్ళి చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. అడుగు నుంచి ఇంకో తెల్ల చీర లాగింది. అది నిజంగానే బావ పోయాక కట్టింది. కోపం చల్లారక ముందే దాన్ని నేల మీద పరిచింది. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

నాలుగు రోజులు కుట్టింది. హేబ్సిబా కూడా ఇంట్లోనే ఉంది. ఏనుగుల బట్ట తెచ్చి అక్క ఒళ్ళో పెడుతూనే ఉంది. అక్క ఒక్కసారి దాన్ని చెంపకు రుద్దుకుని, “చెమట పీల్చది వదినా” అని తిరిగిచ్చింది. ఇంత మర్యాద ఆవిడకు ఎందుకని నేను లోపల్లోపల ఉడికిపోయాను. అక్క సూది టాకాలు, అదే కుట్లు, మాత్రం ఎప్పటికన్నా దగ్గరగా పడ్డాయి.

బొంత పూర్తయ్యింది. అక్క దాన్ని అస్తరు పైకి వచ్చేలా చాప మీద పరిచింది. హేబ్సిబా వంగి గభాలున తిప్పేసింది. ముక్కలు పైకొచ్చాయి, చీర నేలకు పోయింది. “గిట్లుండనియ్యి. పిల్లగానికి తగలకుంటే సాలు” అంది.

అక్క ముఖం వాడిపోయింది. అంతటి కోపిష్టి మనిషి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

జాయ్ లేచింది. పిల్లవాణ్ణి నా చేతికిచ్చి, బొంతను మళ్ళీ తిప్పింది. చీర మీద ముడతలు లేకుండా అరచేత్తో సవరించి, వాణ్ణి తీసుకుని దాని మీద పడుకోబెట్టింది.

“అత్తమ్మా, నాయిన సచ్చిపోయినప్పుడు నాకు పది నెలలు. గీ చీరె కుచ్చిళ్ళు పట్టుకునే నేను నడక నేర్సిన” అంది. “గిది మంచిది కాకుంటే నేను గూడ మంచిదాన్ని కాదు.”

హేబ్సిబా ఏనుగుల బట్ట మడిచి సంచిలో పెట్టుకుంది. అక్క ఇటు తిరిగింది, కూతుర్ని ఏదో తిట్టబోయింది, ఆగి మనవడి పక్కన చాప మీద కూర్చుంది.