ఎదుటి డాక్టరు హస్తవాసి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, బెల్లం వంట మొదలైన రోజులు. చోడవరంలో నా క్లినిక్‌కు సరిగ్గా ఎదురుగా మూర్తిగారి క్లినిక్. ఇద్దరిదీ ఒకే చదువు. కానీ ఆయనకు హస్తవాసి ఉందని చీడికాడ నుంచి వడ్డాది దాకా పేరు. జనం ఆటో దిగి, నా బోర్డు చదివి, అటు నడిచేవారు. చూడకూడదనుకుంటూనే రోజూ చూసేవాణ్ణి.

ఆ ఉదయం రావికమతం రైతు ఒకాయన, భార్యనూ పద్నాలుగేళ్ల కొడుకునూ వెంటబెట్టుకుని ఎదుటి క్లినిక్ నుంచి నా దగ్గరకు వచ్చాడు. తెల్లవారుజామున మొదలైన కడుపునొప్పి మూర్తిగారి ఇంజెక్షన్‌కు తగ్గలేదట, వాంతి కూడా అయిందట. ఆయన చేతిలో తగ్గని కేసు! లోపల సంతోషించాను.

కుర్రాడు కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. పొట్ట మెత్తగానే ఉంది. తల్లిని బయట కూర్చోమని, నొప్పి ఎక్కడని మళ్లీ అడిగాను.

"కింద, సార్. అమ్మ ముందు ఎలా సెప్తాను?"

ఎడమ వృషణం వాచి, పైకి లాక్కుని ఉంది. తొడ లోపలివైపు గీస్తే అది కదలాలి, కదల్లేదు. దీన్ని టెస్టిక్యులర్ టార్షన్ అంటాం. వృషణానికి రక్తం తెచ్చే తాడు మెలిపడిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్‌తో విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆ తర్వాత ఆశ తగ్గుతూపోతుంది. అప్పటికే సగం పైగా గడిచింది. స్కానింగ్ కోసం ఆగే పని కాదు. అనకాపల్లి సర్జన్‌కు ఫోన్ చేసి థియేటర్ సిద్ధం చేయమన్నాను.

తండ్రి మాత్రం కదల్లేదు.

"మూర్తిబాబు సెయ్యి మంచిది. ఆయన ఎల్లమంటే ఎల్తాం. కోత మాట నువ్వు సెప్తే ఎలాగ?"

నా మాట కన్నా ఆయన మాటే కావాలట. మూర్తిగారికి ఫోన్ చేయడానికి మనసొప్పలేదు, అయినా చేశాను. మూర్తిగారు పేషెంట్లను కూర్చోబెట్టి రోడ్డు దాటి వచ్చారు. పిల్లాణ్ణి చూసి, తండ్రి వైపు తిరిగారు.

"నేను పొట్టే సూసేను, కింద సూడలేదు. తప్పు నాది. ఈయన సెప్పిందే నిజం. బేగి కారెక్కండి."

కారు కూడా ఆయనదే.

వృషణం దక్కింది. మళ్లీ మెలిపడకుండా రెండువైపులా కుట్లు వేశారు. తప్పు ఒప్పుకున్న డాక్టరని మూర్తిగారి పేరు ఇంకా పెరిగింది. కొత్త బెల్లం దిమ్మ ఆయనింటికే వెళ్లింది.

మగపిల్లలు కడుపునొప్పంటే తల్లిని బయటికి పంపి, కిందిదాకా చూడాలని ఆ కేసు నేర్పింది. మూర్తిగారూ నేర్చుకున్నారు. ఇప్పుడు ఆయన వరండాలోనూ తల్లులు బయట నిలబడి కనిపిస్తారు. నా వరండాలో కన్నా ఎక్కువమందే.