రెండు చేతులూ కనిపించేంత వెలుగు

2003లో మా షాపు అమలాపురం గడియారస్తంభం దగ్గర ఒక సందులో ఉండేది. అంతకుముందు పదమూడేళ్ళు అదే గదిలో రేడియోలు, టీవీలు బాగుచేశాను. సోలార్ సామాను అమ్మడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్ళు. మా కోనసీమలో సోలార్ అంటే ఎవరికీ పెద్దగా నమ్మకం ఉండేది కాదు. ఇంత కొబ్బరి నీడలో ఎండతో దీపాలేంటండీ అని నవ్వేవారు. నా దగ్గరకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది కరెంటు లైను లేని రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళే. వాళ్ళకి ఒక లాంతరు చాలు. ఇంటికి సోలార్ కావాలని అడిగినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది.

అలా అడిగినవాళ్ళలో రత్నమ్మ టీచర్ గారొకరు. ఉప్పలగుప్తం దగ్గర ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. జూన్ నెల మొదట్లో, స్కూళ్ళు ఇంకా తెరవకముందు, మంచి ఎండవేళ గొడుగేసుకుని వచ్చారు.

"మూర్తిగారంటే మీరేనాండీ? మా తమ్ముడింటికి సోలార్ పెట్టించాలండి. మీ దగ్గరున్నవాటిల్లో పెద్దదే పెట్టండి. ఫ్యాన్లూ, టీవీ కూడా నడవాలి."

"ఇల్లు చూడకుండా చెప్పలేనండి, టీచర్ గారూ."

"ఆయ్, అయితే రేపే రండి. మా తమ్ముడు సుందరరావు టైలరండి, ఇంటిపట్టునే ఉంటాడు. మా మరదలు కరుణ. ఇద్దరికీ వినపడదండి, మాటా రాదు. నేను పక్కింట్లోనే ఉంటాను కాబట్టి ఏం కావాలన్నా నేను చెప్తాను."

మర్నాడు వెళ్ళాను. రెండు గదుల పెంకుటిల్లు, వెనక వంటిల్లు. ముందుగదిలో కుట్టుమిషను. చుట్టూ కొబ్బరిచెట్లు, పెరటి చివర పంటబోదె, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలువ. ఇంటికి కరెంటు ఉంది గానీ రోజూ సాయంత్రం ఆరున్నరకి పోతే ఎనిమిదిన్నరకి వచ్చేది. గాలివాన వస్తే రెండు మూడు రోజులు రాదు.

మా పనిలో మొదటి మెట్టు సైట్ సర్వే. అంటే ఎండ ఎన్ని గంటలు పడుతుంది, ఇంట్లో లోడ్ ఎంత, అంటే ఏమేం ఎంతసేపు వాడతారు అని చూసుకోవడం. దాన్నిబట్టి ఏ రకం సిస్టమ్ పెట్టాలో తేలుతుంది. ఇప్పటిలా పైకప్పు మీద తయారైన కరెంటుని లైనుకి కలిపే పద్ధతి అప్పట్లో మా వైపు లేదు. ఉన్నా వాళ్ళకి పనికొచ్చేది కాదు, లైను పోతే అదీ ఆగిపోతుంది. మిగిలినవి రెండు. ఒకటి ఇన్వర్టర్ సిస్టమ్. బ్యాటరీలో ఉన్న పన్నెండు వోల్టుల డి.సి.ని మామూలు ఇంటి కరెంటుగా మార్చి ఫ్యాన్లు, టీవీ నడుపుతుంది. కానీ ఆ మార్చే పనికే కొంత కరెంటు తినేస్తుంది. రెండోది హోమ్ లైటింగ్ సిస్టమ్. పన్నెండు వోల్టులకే తయారైన చిన్న లైట్లు, మధ్యలో ఇన్వర్టర్ ఉండదు. ఫ్యాన్లుండవు గానీ మూడు రోజులు మబ్బు పట్టినా దీపాలు వెలుగుతాయి.

"టీవీ మానేయండి టీచర్ గారూ. వానాకాలంలో మొదటిరోజే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. మీకు లైట్ల సిస్టమే మంచిది" అన్నాను.

ఆవిడ "ఏ రోజైనా దీపం మాత్రం పోకూడదండి. మీరు చెప్పినట్టే కానివ్వండి" అన్నారు.

పెద్దది అమ్మే అవకాశం వదులుకుని సరైనది చెప్పానని ఆ రోజు నాకు కాస్త గర్వంగానే ఉంది.

బిగించడానికి వెళ్ళిన రోజుకి స్కూళ్ళు తెరిచారు, టీచర్ గారు ఇంట్లో లేరు. ప్యానల్ పెంకుల మీద పెట్టాను. పదకొండు వాట్ల లైట్లు రెండు, ఒకటి ముందుగదిలో వీధిగుమ్మం పైన, ఒకటి వంటింటి గోడకి. అందరిళ్ళలోనూ అక్కడే పెట్టేవాణ్ణి. కరుణ నా వెనకే తిరుగుతూ ఉంది. పాతికేళ్ళుంటాయేమో. రెండుసార్లు నా చొక్కా అంచు పట్టుకుని ఆపి, గది మధ్యలో దూలం చూపించింది, తర్వాత తన ముఖం, తర్వాత అరచేతులు. ఇంకా ఎక్కువ వెలుగు కావాలంటోందనుకున్నాను. అర్థంకానప్పుడు ఎవరైనా చేసేదే చేశాను, నవ్వి తలూపాను. ఆమె చేతులు దించేసుకుంది.

పదిరోజులు తిరక్కుండా టీచర్ గారు మళ్ళీ షాపుకొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"లైట్లు వెలగట్లేదాండీ?"

"వెలుగుతున్నాయండి. వాళ్ళు మాట్లాడుకోలేకపోతున్నారు."

నాకర్థం కాలేదు. "చెప్తే తెలీదండి, ఈ సాయంత్రం వచ్చి చూడండి" అన్నారు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం.

ఆరున్నరకి కరెంటు పోయింది. చీకట్లో సుందరరావు తడుముకుంటూ వెళ్ళి నా లైటు స్విచ్ వేశాడు. గది నిండా వెలుగు. అతను గుమ్మం వైపు నిలబడి భార్యతో సైగలు మొదలుపెట్టాడు. లైటు అతని వీపు మీద పడుతోంది. ముఖమంతా నల్లగా ఉంది, చేతులు నీడల్లా కదులుతున్నాయి. కరుణ కళ్ళు చికిలించి చూసి, లోపలికెళ్ళి కిరసనాయిలు బుడ్డి వెలిగించి తెచ్చి అతని ముఖానికి దగ్గరగా పట్టుకుంది. జవాబు చెప్పాలంటే ఆమెకి మిగిలింది ఒక్క చెయ్యే. ఆ ఒక్క చేత్తో సగం చెప్పి, అతనికి అందక, మళ్ళీ చెప్పి, చివరికి విసుగ్గా చెయ్యి ఊపేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదహారేళ్ళుగా తీగలతో బతికినవాణ్ణి. వెలుగే మాటయ్యే మనుషులుంటారని నాకప్పటిదాకా తట్టలేదు.

టీచర్ గారు గొంతు తగ్గించారు. వాళ్ళకి వినపడదని తెలిసినా తగ్గించారు.

"పోయినేడు వానల్లో కరెంటు లేదండి. పొద్దుగూకేవేళ వంటింట్లో కాలుజారి పడింది. అప్పుడు అయిదో నెల. వీడు ముందుగదిలో చిమ్నీదీపం దగ్గర గుడ్డ కత్తిరించుకుంటున్నాడు. పిలవడానికి గొంతు లేదు, అరిచినా వీడికి వినపడదు. ఎంతసేపు అలా పడుందో. నేనొచ్చి చూసేసరికి..." ఆగి, కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "బిడ్డ దక్కలేదండి. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. అందుకేనండి మీ దగ్గరకొచ్చింది."

"మొదటే చెప్పకపోయారా, టీచర్ గారూ."

"మీరు ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు అని అడిగేరు. ఎందుకని అడగలేదు కదండీ."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

మర్నాడు ఆదివారం. వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఈసారి టీచర్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని కరుణ చెప్పిందంతా విన్నాను. ఎక్కడ కూర్చుని తింటారు, ఎక్కడ నిలబడి మాట్లాడుకుంటారు, పడుకునేముందు మంచం మీద ఎవరు ఏవైపు. ఆ చివరిది చెప్పేటప్పుడు ఆమె సిగ్గుపడితే, టీచర్ గారు అటు తిరిగి నాకు చెప్పారు.

రెండు పదకొండు వాట్ల లైట్లు తీసేసి నాలుగు అయిదు వాట్లవి పెట్టాలనుకున్నాం. లోడ్ పెరగదు, బ్యాటరీ అదే సరిపోతుంది. ఒక్కోటీ ఇద్దరు మనుషుల మధ్య, ఎవరి వీపు మీదా కాకుండా ఇద్దరి ముఖాల మీదా పడేలా వేలాడాలి. వంటింట్లో అయితే పొయ్యికీ గుమ్మానికీ మధ్య. కరుణ కుర్చీలో కూర్చుని చేతులు కదిపేది, సుందరరావు ఎదుట కూర్చుని చూసేవాడు, నేను తీగ పట్టుకుని జానెడు ఇటు, బెత్తెడు అటు జరిపేవాణ్ణి. అతను తలూపితేనే మేకు కొట్టాను.

ప్యానల్ సంగతి సుందరరావు తేల్చాడు. నేను మిట్టమధ్యాహ్నం ఒక్కసారి చూసి పెంకుల మీద ఎండ బాగుందనుకున్నాను. రెండయ్యేసరికి అక్కడ కొబ్బరినీడ కమ్మేస్తోందని అతనికి తెలుసు. మర్నాడు పొద్దున్నుంచి గంటగంటకీ ఎండ ఎక్కడ పడుతోందో పెరట్లో పుల్లలు పాతి, ఒక్కో గంటకి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టాడు. సాయంత్రానికి చూస్తే పీలికలన్నీ బోదె గట్టు దగ్గర ఒకచోట గుమిగూడి ఉన్నాయి. ఇనప పైపు పాతి, ప్యానల్ అక్కడికి మార్చాం. ఒక్క చెట్టూ కొట్టనక్కర్లేకపోయింది.

ఇంకో రెండు పనులు చేశాను. కరెంటు పోగానే స్విచ్ వేయకుండానే లైట్లు వాటంతటవే వెలిగేలా రిలే పెట్టాను. లైను ఉన్నంతసేపు పట్టుకుని, పోగానే వదిలేసే చిన్న పరికరం అది. లేకపోతే చెప్పే మాట సగంలో చీకటైపోతుంది. రెండోది, స్కూటర్ ఇండికేటర్‌కి వాడే ఎర్రబల్బు, దాన్ని ఆర్పి వెలిగించే ఫ్లాషర్. అవీ పన్నెండు వోల్టులవే కాబట్టి మన సిస్టమ్ మీదే నడుస్తాయి. బల్బు కుట్టుమిషను ఎదురుగా, నొక్కే బటన్లు వంటింట్లో ఒకటి, మంచం పక్కన ఒకటి. పడిపోయినా చెయ్యి అందేలా నేలకి జానెడెత్తున పెట్టాను.

పనులన్నీ అయిన రోజు సాయంత్రం కరెంటు పోయింది, లైట్లు వెలిగాయి. కరుణ వంటింట్లోకెళ్ళి బటన్ నొక్కింది. మిషను ముందు ఎర్రబల్బు టపటపా కొట్టుకుంది. సుందరరావు కుట్టేది వదిలేసి పరుగెత్తాడు. ఏమీ లేదని ఆమె తల అడ్డంగా ఊపింది. అతనొచ్చి కూర్చున్నాడో లేదో మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెళ్ళాడు. మూడోసారి వెళ్ళి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. కరుణ పైకే నవ్వింది, పెద్దగా. ఆ నవ్వు ఆమెకి వినపడలేదు గానీ నాకూ టీచర్ గారికీ వినపడింది. టీచర్ గారు గొడుగు వెతుక్కునే వంకతో బయటికి వెళ్ళిపోయారు.

నవంబరు చివర టీచర్ గారు షాపుకొచ్చి ఈసారి అడగకుండానే కూర్చున్నారు.

"ఆడపిల్లండి. వాన, కరెంటు లేదు, ఏడింటికి నొప్పులొచ్చేయి. బటన్ నొక్కిందంటండి. నన్ను లేవదీసుకొచ్చి, దాన్ని ఆటో ఎక్కించేదాకా వాడు నిలబడలేదు. తల్లీబిడ్డా బాగున్నారు."

"పాపకి వినపడుతుందాండీ?" అడగకూడదేమో అనుకుంటూనే అడిగాను.

"వినపడుతున్నట్టే ఉందండి. వినపడినా మొదట నేర్చుకునేది చేతులతోనే."

సంక్రాంతి దాటాక బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి వెళ్ళాను. కరెంటు లేని వేళ. వేలాడే దీపం కింద మొగుడూపెళ్ళాలు ఎదురెదురుగా కూర్చుని నాలుగు చేతులతో గట్టిగా పోట్లాడుకుంటున్నారు. పాప ఉయ్యాల్లోంచి కళ్ళప్పగించి చూస్తోంది. నేను గుమ్మంలో ఆగిపోయాను.

"ఏంటండీ గొడవ?" అని పక్కింట్లోంచి వచ్చిన టీచర్ గారిని అడిగాను.

"పాపని పిలిచే సైగ ఎలా ఉండాలనండి. బుగ్గమీద వేలు పెడితే చాలని వాడు, నుదుటి మీద పెట్టాలని అది. వారం నుంచీ తెగట్లేదు" అన్నారు.

వాళ్ళు తేల్చుకునేదాకా బ్యాటరీ జోలికి పోకుండా అరుగు మీద కూర్చున్నాను.

ఆ తర్వాత వందల ఇళ్ళకి సోలార్ పెట్టాను. ఏ రకం మంచిదండీ అని ఇప్పటికీ అందరూ మొదట అడుగుతారు. ఆ ఇంట్లో నేను చెప్పిన రకం సరైనదే, పెట్టిన తీరే తప్పు. ఎందుకంటే ఎండనీ, వాట్లనీ కొలిచాను గానీ మనుషుల్ని అడగలేదు. సర్వే ఫారంలో అప్పటినుంచి లోడ్ కంటే ముందు ఒక ప్రశ్న చేర్చుకున్నాను: చీకటి పడ్డాక మీ ఇంట్లో ఎవరెవరు ఏమేం చేస్తారు? జవాబుకి ఒక్క గీతే గీశాను గానీ అది ఏ ఇంట్లోనూ చాలలేదు. కాగితం వెనక్కి తిప్పి రాసుకుంటాను.